సబ్బు పెట్టిన అంగీ

మా ఊళ్ళో ఏ ఇంట్లో ఎందరున్నారో తెలుసుకోవడానికి ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు, చాకిరేవుకు పోయే మూట విప్పి చూస్తే చాలు. బాలింత ఉన్న ఇంటి మూటలో పాతచీర పేలికలు ఎక్కువుంటాయి. అల్లుడొచ్చిన ఇంటి మూటలో అంచు ధోవతి ఉంటుంది. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోని ఇంట్లోంచి ఒకటికి రెండు మూటలు వస్తాయి. నేను పెద్దయ్యాక ముప్పై ఏళ్ళు దినపత్రికలో పనిచేశాను. ఒక ఊరి సంగతి రాబట్టడానికి విలేకరులు పడే తిప్పలన్నీ చూశాను. మా ఊరి బట్టలు ఉతికిన అవ్వకు తెలిసినన్ని సంగతులు తెలిసిన విలేకరి ఒక్కరూ నాకు తగల్లేదు. తెలిసి కూడా నోరు మెదపనివాళ్ళు అంతకంటే తక్కువ.

ఆమెను ఊరంతా కులం పేరుతోనే పిలిచేది. మేమూ అంతే. ఆ పిలుపులో తప్పుందని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను కనుక అవ్వ అనే రాస్తాను. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళుంటాయేమో. సన్నటి మనిషి. నీళ్ళలో నాని నాని పాదాలు తెల్లగా చారలు కట్టి ఉండేవి. ముంజేతులు మాత్రం దున్నేవాళ్ళ చేతుల్లా ఉండేవి.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కింద ఉన్న చిన్న పల్లె మాది. మాగాణి చేసుకునే ఇండ్లు కొన్ని, చేపలు పట్టేవాళ్ళవి కొన్ని, కూలినాలి చేసుకునేవాళ్ళవి మిగతావి. నేను చెప్పబోయేది పోలీసు చర్య జరిగిన వానాకాలంలోనే, దానికి కొన్ని వారాల ముందటి సంగతి. నాకు పదిహేడేళ్ళు. బాపు ఆ ముందటేడే పోయాడు. ఇంట్లో అమ్మా, నేనూ. అన్న పట్నంలో చదువుకునేవాడు. ఆ ఎండాకాలం చదువు వదిలేసి, నిజాం సర్కారు మీద తిరగబడ్డ సంఘంలో చేరాడు. తుపాకీ పట్టలేదు. ఊరి నుంచి ఊరికి కాగితాలు చేరవేసేవాడు. కాగితం మోసినవాడికి దెబ్బలు తక్కువ పడతాయన్న హామీ ఏదీ లేదు. ఠాణాకు నడిచిపోయి తిరిగి నడిచిరాని మగపిల్లలు చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. అన్న పేరు ఇంకా ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. ఎక్కకుండా ఉంటే బతుకుతాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న ఆలోచన అదొక్కటే.

సబ్బు సంగతి చెప్పాలంటే ముందు సబ్బు లేని సంగతి చెప్పాలి. ఒంటికి పెసరపిండి. తలకు కుంకుడుకాయ. గిన్నెలకు బూడిదా, వరిగడ్డి చుట్టా. ఇత్తడికి చింతపండు. బట్టలకు సౌడు. చెరువు నీళ్ళు వెనక్కి తగ్గినచోట నేల మీద తెల్లగా పొంగే మన్ను ఉంటుంది, అదే సౌడు. అవ్వ ఎండాకాలంలో దాన్ని గీకి తెచ్చి కుండల్లో నింపుకునేది. బట్టలు ఆ సౌడునీళ్ళలో ముంచి, పెద్ద బానలో పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడికించి, మరునాడు పొద్దున్నే చెరువు దగ్గర బండమీద బాదేది. అట్లా ఉతికిన బట్టకు ఒక వాసన ఉంటుంది. కాలిన మన్నూ, ఎండా, కాస్త పొగా కలిసిన వాసన. అదొక వాసన అని ఆ రోజుల్లో మాకు తెలియదు. ఊరంతా ఒకే వాసన వేస్తే దానికి పేరుండదు.

మా ఇంట్లో ఒక సబ్బు ఉండేది. అన్న పట్నం నుంచి తెచ్చిన గులాబీ రంగు ఒంటిసబ్బు. పెరట్లో స్నానం చేసే బండ పక్కన గోడగూట్లో కొబ్బరిచిప్పలో పెట్టేవాళ్ళం. అమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. కొవ్వుతో చేస్తారని ఎవరో చెప్పారు, అది ఆమె మనసులో పడిపోయింది. చుట్టాలొస్తే చేతులు కడుక్కోవడానికి మాత్రం ఇవ్వమనేది. నేను అప్పుడప్పుడు మొహానికి రాసుకునేదాన్ని. ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉండేది.

ఆ వానాకాలంలో ఒక తెల్లవారుజామున అన్న చేపలవాళ్ళ పడవలో వచ్చాడు. ఒడ్డు దిగి పొలం గట్ల మీదుగా పెరటి తలుపు కొట్టాడు. భుజాల దాకా నల్లరేగడి బురద. ఒక పగలూ ఒక రాత్రీ అటక మీద పడుకుని, మరునాడు పొద్దుగుంకే వేళకు పోతానన్నాడు. తిని పడుకున్నాక ఆ అంగీ పట్టుకుని అమ్మా నేనూ ఆలోచనలో పడ్డాం.

బురద అంగీతో వాడు పోవడానికి వీల్లేదు. నాలుగు రోజులు పొలాలకు అడ్డంపడి నడిచిన మనిషని ఆ బురదే చెబుతుంది. అవ్వకు వేద్దామంటే, ఆడవాళ్ళిద్దరే ఉన్న ఇంటి మూటలోంచి గుండీల అంగీ బయటపడుతుంది. అవ్వ చెప్పకపోవచ్చు. కాని చెరువు గట్టున ఆరేసిన బట్టను కళ్ళున్న ప్రతివాడూ చూస్తాడు. మా ఇంటికి అయిదారిండ్ల అవతలే పోలీసు పటేలు ఇల్లు. ఊళ్ళోకి ఎవరు వచ్చారో, ఎవరు పోయారో ఠాణాకు చేరవేయడం ఆయన కొలువు. అన్న చదువు వదిలేసిన దగ్గర్నుంచీ మా గడప మీద ఆయనకు కన్నుంది. అందుకని అమ్మ, ఇంట్లోనే ఉతకమంది. ఇంట్లో సౌడు ఎక్కడిది, అది అవ్వ సొత్తు. కుంకుడుకాయ రసానికి రేగడి లొంగలేదు. నేను గూట్లోంచి సబ్బు తీశాను.

అంతకు ముందు నేను అంగీ ఉతికి ఎరగను. బురద వదిలేదాకా రుద్దాను. నురుగు చూస్తే ముచ్చటేసింది. సగం బిళ్ళ అరిగిపోయింది. బయట ఆరేయకూడదు గనక అటక కింద దండెం కట్టి ఆరేశాను. వానాకాలపు గాలికి సరిగ్గా ఆరలేదు. మరునాడు అన్న బాపు పాత కంబళి కప్పుకుని, ఇంకా చెమ్మ ఆరని అంగీని మడిచి చంకన పెట్టుకుని బయల్దేరాడు. గుండీ ఒకటి ఊడితే నేను నల్లదారంతో కుట్టాను, తెల్లదారం దొరకలేదు. పోయే ముందు ఏదో కాగితం మడిచి ఆ అంగీ జేబులో దోపాడు.

వాడు ఎక్కడిదాకా పోయాడో మాకు తెలియదు. ఎప్పుడూ తెలిసేది కాదు.

మరునాడు పొద్దెక్కాక కడవ తీసుకుని చెరువుకు పోయాను. చాకిరేవుకు నాలుగడుగుల అవతలే మేము నీళ్ళు ముంచుకునే చోటు. చేపల గంపలు కడుక్కుంటూ ఇద్దరు ఆడవాళ్ళున్నారు. అవ్వ బండమీద దుప్పటి బాదుతోంది. అంతలో కట్టమీంచి అమీన్ దిగాడు. ఠాణాకు పెద్ద ఆయన. పటేలు ఇంట్లో నాలుగు రోజులుగా మకాం వేసి ఉన్నాడు. వెనక పటేలు, ఇద్దరు జవాన్లు. ఒక జవాను లాఠీ కొనకు ఒక అంగీ తగిలించుకుని వస్తున్నాడు.

మూడో గుండీకి నల్లదారం ఉంది.

కడవ నీళ్ళలోనే వదిలేశాను, అది మునిగింది. మళ్ళీ వంగి తీసి, లేని మట్టిని రుద్దడం మొదలుపెట్టాను. వాళ్ళ మాటలను బట్టి తెలిసింది ఏమిటంటే, రాత్రి మొదటి జాములో చెరువు తూము దగ్గర ఎవడో మనిషి జవాన్లను చూసి వరిమడుల్లోకి దూకి తప్పించుకున్నాడు. కంబళి మనిషితోనే పోయింది, చంకలోని అంగీ జారి పడింది. జేబులో సంఘం కాగితం దొరికింది. అన్న బతికున్నాడని నాకు అట్లా తెలిసింది. ఆ అంగీ ఎవరిదో తేలితే ఎక్కువ రోజులు బతకడని కూడా అప్పుడే తెలిసింది.

అమీన్‌కు పటేలు చెప్పే ఉంటాడు. ఊళ్ళోని ప్రతి బట్టా అవ్వకు తెలుసు. మా అవ్వ పట్నం వాళ్ళలాగా బట్టలకు గుర్తులు పెట్టేది కాదు. ఎనభై ఇండ్ల బట్టలు కుప్పపోసినా చేత్తో తడిమి ఇంటింటికీ వేరుచేసేది. ఒక్క పేలిక కూడా తారుమారయ్యేది కాదు.

అమీన్ తెలుగు బాగానే మాట్లాడేవాడు. అరవలేదు. "ఏ బుడ్డీ, ఈ ఊరి బట్టలన్నీ నీకు ఎరుకేనంట గద. ఇది ఎవరిదో చెప్పు."

అవ్వ చేతిలో ఉన్న దుప్పటి ఇంకో నాలుగు దెబ్బలు బాది, పిండి, పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. లాఠీ మీంచి అంగీ తీసుకుంది. తిరగేసింది. చంక కుట్టు చూసింది. మెడపట్టీ వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. ఆఖరుకు ముక్కు దగ్గర పెట్టుకుంది. మూడేళ్ళుగా అన్న సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ అంగీని ఉతికింది ఆమే. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలదు. నేను ఆమె మొహం చూస్తున్నాను. ఆమె మాత్రం నా వైపు తిరగనే లేదు.

"గిది నా చేతి ఉతుకు గాదు, దొరా," అంది. "సబ్బు పెట్టి ఉతికిన్రు. నా రేవుల సబ్బు లేదు. సౌడే."

"సబ్బు అని నీకెట్ల తెలుసు?"

"మీ బట్టలు ఉతుకుత గద. గదే వాసన."

ఆ మాట నిజం. ఊరికి ఏ అధికారి వచ్చినా బట్టలు వెట్టికే ఉతకాలి, అది ఆనవాయితీ. అమీన్ బనీన్లూ, తువ్వాళ్ళూ నాలుగు రోజులుగా ఆమె దగ్గరే పడుతున్నాయి. చేపల గంపల దగ్గరి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అమీన్ చెయ్యి తన చొక్కా దాకా లేచి, నలుగురిలో ఉన్నానని గుర్తొచ్చినట్టు సగంలో ఆగిపోయింది.

అప్పుడు పటేలు ముందుకొచ్చాడు. ఈ ఊళ్ళో సబ్బు వాడే ఇండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని, పట్నంలో చదివిన పిల్లవాడున్న ఇల్లు ఒకటుందని, ముందు అక్కడ చూస్తే మేలని చెప్పాడు. అమీన్ జవాన్ల వైపు తిరిగాడు. ఒక్క ఇల్లు కాదు, అన్ని ఇండ్లూ చూడమన్నాడు. సబ్బు ఎవరింట్లో ఉంటే వాళ్ళను తన ముందుకు తీసుకురమ్మన్నాడు. పటేలు తలూపి, జవాన్లకు మా వీధి వైపు చెయ్యి చూపించాడు.

ఆ క్షణంలో అవ్వ మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. అంగీ ఎవరిదో చెప్పలేదు నిజమే, కాని మా గూట్లోని కొబ్బరిచిప్పకు దారి చూపించింది. ఎవరిదో తెలియదని ఒక్క ముక్క అంటే సరిపోయేది కదా అనుకున్నాను. అనుభవం లేని వయసు. అంత తెలిసిన మనిషి తెలియదంటే ఎవరు నమ్ముతారు? తెలియదన్న మాటకు ఆమె వీపు చిట్లేది, ఆ తర్వాతైనా పేరు చెప్పమనేవాళ్ళు.

కడవ నింపి చంకనెత్తుకున్నాను. పరుగెత్తితే పట్టుబడతాను. నీళ్ళు తొణకకుండా నడవాలి. రెండడుగులు వేసేసరికి వెనక అవ్వ గొంతు వినిపించింది. అమీన్ బట్టలు ఆరాయని, జవాన్లను తీసుకుపొమ్మని చెబుతోంది. తిరిగి చూస్తే పొదల మీద ఆరేసినవి ఒక్కొక్కటే తీసి, దులిపి, మడత పెట్టి, ఇది చూసుకో, ఇది చూసుకో అంటూ జవాను చేతుల్లో పెడుతోంది. సాబు బట్టలు. కింద పడేయడానికి లేదు, వద్దనడానికి లేదు. మా ఊళ్ళో ఎవరి బట్టనూ ఆమె అంత మెల్లగా మడవడం నేను చూడలేదు.

గట్టు దిగాక పరుగెత్తాను. కడవలో సగం నీళ్ళు నా మీదే పడ్డాయి.

అమ్మ ముందరింట్లో అలుకుతోంది. పక్కన గంపలో పేడ. నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆమె లేవలేదు, చెయ్యి చాపింది. సబ్బు తెచ్చి ఆ చేతిలో పెట్టాను. ముట్టుకోనని అన్నాళ్ళు పట్టుబట్టిన మనిషి దాన్ని గుప్పిట పట్టి, పేడగంప అడుగుకు తోసి, పైన పేడ సర్ది, మళ్ళీ అలకడం మొదలుపెట్టింది. "బండ కడుగు," అంది.

కొబ్బరిచిప్పను పొయ్యిలో పడేశాను. గూట్లోనూ, బండ మీదా సబ్బు జిడ్డు తెల్లగా పేరుకుని ఉంది. నీళ్ళు పోశాను. నురుగొచ్చింది. ఇంకో చెంబు పోశాను, ఇంకా వచ్చింది. ఎన్ని నీళ్ళు పోస్తే అంత నురుగు. అది బండ దిగి, తూములోంచి పారి, వీధి కాలువలోకి పోతోంది. సబ్బు జాడను కడిగే కొద్దీ ఊరికి చాటింపు వేస్తున్నట్టుంది. బూడిద చల్లి రుద్దితే నల్లటి నురుగయింది. వీధి మలుపులో పటేలు దగ్గు వినిపిస్తోంది.

అమ్మ పేడచేతులతోనే వచ్చి చూసింది. పశువుల గోలెంలో నిన్నటి కుడితి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ, తవుడూ కలిసి పులిసిన కుడితి. నన్ను ఒక పక్క పట్టమని, ఆ గోలెమంతా బండ మీదికి ఒంపేసింది. పెరడంతా పుల్లటి కంపు. కాలువ నిండా తెల్లటి కుడితి, దాని మీద దాని నురుగు. కుడితికి నురుగుండటం లోకంలో అందరికీ తెలిసిన సంగతే.

జవాన్లు వచ్చారు. పటేలు గడప బయటే నిలబడి పెరటి వైపు వేలు చూపించాడు. అమ్మ లేవకుండా, అలికిన నేల మీద అడుగేయొద్దని మాత్రం చెప్పింది. వాళ్ళు గోడవారగా వెళ్ళి పెరట్లో చూశారు. ఒకడు గూట్లో ముక్కు పెట్టి వెంటనే తీసేశాడు. ఇంకొకడు గోలెం ఎట్లా ఒలికిందని అడిగాడు. బర్రె తన్నిందని చెప్పాను. బర్రె పొలంలో ఉందన్న సంగతి నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది, వాళ్ళు అడగలేదు. పెట్టెలు తెరిచారు, బియ్యంలో చేతులు పెట్టారు, అటక ఎక్కి దిగారు. పేడగంపను ఇద్దరూ దాటుకునే పోయారు. పోయేముందు ఒకడు అమ్మను చేతులు చూపమన్నాడు. అమ్మ మోచేతుల దాకా పేడ ఉన్న చేతులు రెండూ అతని మొహం ముందుకు చాపింది. వాడు ఒకడుగు వెనక్కి వేసి, బస్, అన్నాడు.

మిగతాది పొద్దు వాలాక చేపలు తెచ్చిన ఆమె చెప్పింది. ఊళ్ళో అన్ని ఇండ్లూ తిరిగారు. ఎక్కడా ఏమీ లేదు. అన్ని ఇండ్లూ అని అమీన్ మాట. అందుకని ఆఖరున ఒక జవాను పటేలు ఇంట్లోకి కూడా పోయాడు. ఎవడో బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేసేరకం. కాగితం విప్పని సబ్బులు రెండు పెట్టెలోంచి, తడిగా ఉన్నది ఒకటి స్నానాల బండ మీంచి తెచ్చి అమీన్ ముందు పెట్టాడు. అవి అమీన్ కోసమే పటేలు పట్నం నుంచి తెప్పించినవి. ఆ పొద్దున అమీన్ స్నానం చేసింది ఆ తడిసబ్బుతోనే.

"అమీన్ సాబు సబ్బుల దిక్కు చూసిండు, పటేలు దిక్కు చూసిండు," అంది చేపలామె. "అంగీ నీదా పటేల్, అన్నడు."

ఆ ఒక్కమాట ఆయన బతికున్నన్నాళ్ళూ మా ఊళ్ళో వాడుకలో ఉంది. పొలంలో ఎవరిదైనా తువ్వాలు మరిచిపోతే, అంగీ నీదా పటేల్ అనేవాళ్ళు. అమీన్ ఆ పూటకు వెతుకులాట చాలించాడు. అంగీని మళ్ళీ రేవుకు పంపి, అవ్వ దగ్గరే ఉంచమన్నాడట. ఎవడైనా నాదని వచ్చి అడిగితే కబురు చేయమన్నాడట. ఆ ఉచ్చు ఆమె గడపలోనే పన్ని మరునాడు మకాం ఎత్తేశాడు.

ఆ సాయంత్రం అవ్వ రోజూలాగే బువ్వ కోసం గంప పట్టుకుని వచ్చింది. ఉతికినందుకు ప్రతి ఇంటా పూటకింత బువ్వా, పంటలప్పుడు ఇన్ని గింజలూ, అదీ లెక్క. అమ్మ ఆ రోజు గంపలో రెండింతలు పెట్టి, పైన నెయ్యి వేసిన ముద్ద ఒకటి పెట్టబోయింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"రోజెంతనో గంతే పెట్టు, అమ్మా. చూసెటోళ్ళుంటరు."

అమ్మ తీసేసింది. రోజు ఎంతో అంతే మిగిలింది. వాళ్ళిద్దరి మధ్య ఆ సంగతి మీద నడిచిన మాటలు నాకు తెలిసినంతలో అవే.

సబ్బును మూడు రోజుల తర్వాత పేడలోంచి తీశాను. దాన్ని కడగాల్సి వచ్చింది. జీవితంలో నేను చాలా కడిగాను కాని, సబ్బును కడగడం అదొక్కసారే. ఎంత కడిగినా పైన గులాబీ వాసన, లోపల పేడ వాసన. గుడ్డలో చుట్టి ధాన్యం గాదె కింద పెట్టాను.

ఆ తర్వాత రోజులు నేను వివరంగా చెప్పనక్కర్లేదు. ఆకాశంలో విమానాలు తిరిగాయి. యూనియన్ మిలిటరీ బండ్లు పట్నం రోడ్డున బారులు తీరి పోయాయని అంగడికి పోయినవాళ్ళు చెప్పారు. పాత అమీన్ పోయి కొత్తాయన వచ్చాడు. పటేలు కొన్నాళ్ళు గడప దిగలేదు, దిగినప్పుడు అందరినీ తానే ముందు పలకరించాడు. సంఘంవాళ్ళ కోసం వెతుకులాట మాత్రం ఆగలేదు. కొత్త సర్కారుకు కూడా వాళ్ళు పట్టుకోవలసినవాళ్ళే, అది ఇంకో రెండు మూడేళ్ళు నడిచింది. ఆ వెతుకులాట అంతా పాత ఠాణా కాగితాలు పట్టుకునే మొదలయింది. పేరున్నవాళ్ళు అడవి పట్టారు, లేదా జైలు పట్టారు. పేరు లేనివాళ్ళు ఇండ్లకు వచ్చారు. తూము దగ్గర దొరికిన అంగీ ఆ కాగితాల్లో ఏమని ఉందో నేను చూడలేదు. ఎవరిదో తెలియదని ఉండాలి. వడ్లు కోతకు వచ్చేవేళకు అన్న ఇంటికొచ్చాడు. ముందు తలుపులోంచి, పట్టపగలు.

వాడు వచ్చిన నాలుగో రోజో, అయిదో రోజో అవ్వ ఉతికిన మూట తెచ్చింది. ముందరింట్లో విప్పి ఒక్కొక్కటి తీసి పెడుతోంది. అమ్మ చీరలు రెండు, నా వోణీలు, దుప్పటి, అన్న ధోవతి. అన్నిటికంటే అడుగున ఆ అంగీ. మిగతావాటితో పాటు మడతపెట్టి, మా ఇంటి లెక్కలో మామూలుగా కలిపి. మూడో గుండీకి నల్లదారం తీసేసి తెల్లదారంతో కుట్టి ఉంది.

ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావని అడిగాను. దాచలేదంది. ప్రతి ఉతుకులోనూ వేసి, రేవులో అందరూ చూసేచోటే ఆరేసిందట. దాచిన బట్టకు కథ పుడుతుందని, ఆరేసిన బట్టను రెండోసారి ఎవరూ చూడరని ఆమె లెక్క.

అప్పుడు అడిగాను, మా కోసం అంత పెద్ద అబద్ధం ఎందుకు ఆడావని. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది.

"ఏది అబద్ధం, బిడ్డా? సబ్బు పెట్టలేదా నువ్వు? నా చేతి ఉతుకా గది?" అంది. దుప్పటి మడత సరిచేస్తూ, "మీ కోసం గాదు. రేవుకాడ ఎరుకైన సంగతి ఊర్లకు తెస్తే రేపు నాకు మూట ఎవలిస్తరు?" అంది.

పత్రికాఫీసులో చేరిన మొదటి వారం, సంగతి చెప్పిన మనిషి పేరు బయటపెట్టకూడదని ఒక పెద్దాయన నాకు పాఠం చెప్పాడు. శ్రద్ధగా విన్నాను. ఆ పాఠం నాకు అప్పటికే వచ్చునని చెప్పలేదు. అమీన్ ఎవరిదని అడిగితే, ఎట్లా ఉతికారో చెప్పింది అవ్వ. చెప్పిన ముక్కల్లో ఒక్కటీ కల్ల లేదు. అన్ని ఇండ్లూ వెతికితే సబ్బు ఎవరింట్లో తేలుతుందో కూడా ఆమెకు తెలుసు, ఆ ఇంటి తువ్వాళ్ళు ఆమే ఉతుకుతుంది. ఆ ఇంటి పేరు కూడా ఆమె నోట రాలేదు.

ఉతికింది నేనేనని ఆమెకు ఎట్లా తెలిసిందని ఆఖరుగా అడిగాను. అంగీ మెడపట్టీ నా ముందు మడత విప్పి చూపించింది. ఇప్పుడు తెల్లగా ఉంది.

"గీడ మురికి పోనే లేదు ఆనాడు. గంత మంచి సబ్బు పెట్టి గట్లనా ఉతికేది? మీ అమ్మ ఉతికితే గట్లుండదు."

అమ్మ వంటింట్లోంచి నవ్వడం వినిపించింది. గాదె కింది సబ్బు తెచ్చి అవ్వకు ఇచ్చాను. గుడ్డ విప్పి వాసన చూసింది. పెండల పెట్టిన్రా, అని అడిగి, ఆమె కూడా నవ్వింది. తన రేవులో అది పనికిరాదని, చేతులకు పనికొస్తుందని కొంగున కట్టుకుంది.

మరునాడు అన్న ఆ అంగీ తొడుక్కుని ఇబ్రహీంపట్నం అంగడికి పోయాడు. దారిలో ఠాణా ముందు నుంచే పోవాలి. గేటు దగ్గర కొత్త జవాన్లు ఇద్దరు నిలబడి పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ పరకాయించి చూస్తున్నారట. అన్న మీద చూపు ఆగలేదట. అంగడికి పోయే నలుగురిలో వాడొకడు. అంగీ నలుగురి అంగీల్లాగే సౌడు వాసన వేస్తోంది.